ముందు కట్ చూడండి, రంగూ చుక్కా తర్వాత

మా పెద్దమ్మాయి పెళ్లి మాఘంలో. ఏడురాళ్ల దుద్దులు వద్దమ్మా, ఒంటిరాయి వజ్రపు దుద్దులు చాలు, రోజూ ఆఫీసుకి కూడా పెట్టుకోవచ్చు అంది. సరే అని మొదలుపెట్టిన పని మూడు నెలలు పట్టింది. మాది ఒడిశాలో బరంపురం, ఇక్కడ నాలుగు షాపులు చూశాం, విశాఖ వెళ్లి రెండు రోజులు తిరిగాం, రాత్రిళ్లు నేనూ మా ఆయనా సర్టిఫికెట్లు ముందేసుకుని కూర్చున్నాం. చివరికి కొన్న జత చూసి చుట్టాల్లో ముగ్గురు ఇప్పటికే ఫోన్ చేశారు, ఏం చూసి కొన్నావు, ఎంత పెట్టావు, మాకూ చెప్పు అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఇక్కడ రాసేస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. వజ్రం కొనేటప్పుడు మన చేతిలో ఉన్న డబ్బు ముందు కట్ మీద, అంటే రాయిని కోసిన తీరు మీద పెట్టాలి. రంగు, క్లారిటీ (అంటే లోపల చుక్కలు, మచ్చలు ఎంత తక్కువున్నాయన్నది) ఆ తర్వాతే, అవి కూడా కంటికి తేడా తెలిసేంతవరకే. మనవాళ్లు ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. నేనూ అలాగే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పదకొండేళ్ల కిందట, మా పెళ్లయి పదిహేనేళ్లు నిండినప్పుడు, మా ఆయన నాకో ఉంగరం కొన్నారు. పెద్ద ఊళ్లో పెద్ద షాపు, పేరెందుకులెండి. 50 సెంట్ల రాయి (వంద సెంట్లయితే ఒక కారట్), ఇ కలర్, వివిఎస్1, అంటే రంగులోనూ క్లారిటీలోనూ బాగా పై మెట్టు. ఇంతకన్నా స్వచ్ఛమైన రాయి ఈ రేటుకి మీకు ఎక్కడా దొరకదండీ అని ఆ కుర్రాడు నాలుగుసార్లు చెప్పాడు. అక్కడ దీపాల కింద నిజంగానే ధగధగా మెరిసింది. ఇంటికొచ్చి ట్యూబ్‌లైట్ కింద చూసుకుంటే గాజుముక్కలా ఉంది, మధ్యలో ఏదో నల్లటి నీడ. మురికి పట్టిందేమో అని సబ్బునీళ్లతో కడిగాను, ఒక పూట బాగున్నట్టు అనిపించింది, మళ్లీ అంతే. వజ్రం అంటే ఇంతే కాబోలు, మనకే తెలియదు అనుకుని ఊరుకున్నాను. కానీ ఒకసారి గృహప్రవేశంలో మా తోటికోడలు హాలు ఆ చివర నిలబడి వడ్డిస్తుంటే, ఆమె వేలి మీది చిన్న రాయి, 30 సెంట్లు కూడా ఉండదు, చెయ్యి కదిలినప్పుడల్లా ఇటువైపుకి మెరుపు విసిరింది. నా వేలి మీది అంత డబ్బు పెట్టిన రాయి ఊరికే కూర్చుంది. మా ఆయనతో ఆ మాట అనలేదు. అంత ప్రేమగా కొన్నారు.

మొన్న వానాకాలంలో ఆ ఉంగరంలో ఒక కొక్కెం వదులైంది. బడాబజారు సందులో మాకు అలవాటైన కంసాలి ఉన్నారు, మా నాన్నగారి కాలం నుంచీ మా ఇంటి బంగారం ఆయన చేతిమీదుగానే నడుస్తోంది, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన సగం తెలుగు, సగం ఒడియా, వజ్రాన్ని ఎప్పుడూ హీరా అనే అంటారు. రాయి ఊడదీసి, తెల్ల కాగితం మీద పెట్టి, చిమటాతో పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. దీపం ఆర్పేసి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుగులో చూశారు. తర్వాత పక్కనుంచి చూపించారు. రాయిని అడ్డంగా పట్టుకుంటే కింది భాగం బొంగరంలా లోతుగా దిగి ఉంది, నడుము కూడా లావు.

"తల్లీ, రాయి మంచిదే. మచ్చ లేదు, పసుపు లేదు. కోతే సరిగా లేదు. కడుపు లోతుగా వదిలేశారు, పైనుంచి వచ్చిన వెలుగు పైకి రావట్లేదు, కింద నుంచి జారిపోతోంది" అన్నారు.

మర్నాడు సర్టిఫికెట్ తీసుకెళ్లాను. పదకొండేళ్లుగా బీరువాలో పట్టుబట్టల కింద ఉన్న కాగితం, కలర్, క్లారిటీ అనే రెండు వరుసలు తప్ప నేను ఏనాడూ చదవలేదు. కట్ దగ్గర గుడ్ అని ఉంది. గుడ్ అంటే మంచిదేగా అన్నాను. మొత్తం ఐదు మెట్లున్నాయమ్మా, ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్, నీది మూడోది అన్నారు బాబాయ్. లోతు దగ్గర 66.4 శాతం అని ఉంది, అంటే రాయి అడ్డం కొలతలో అంత శాతం. ఆయన దగ్గరున్న కొలత పరికరంలో పెడితే అడ్డం 4.97 మిల్లీమీటర్లు వచ్చింది. సరిగ్గా కోసిన 50 సెంట్ల గుండ్రటి రాయి 5.1 దాకా ఉండాలట. తేడా ఎంతలే అనిపిస్తుంది కానీ, లెక్కేసి చూస్తే నా రాయి పైనుంచి కనిపించేది 46 సెంట్ల రాయంతే. మిగతా నాలుగు సెంట్ల బరువు కడుపులో, నడుములో దాక్కుంది. దానికీ డబ్బు కట్టాం, అది కంటికి కనపడదు, పైగా మెరుపుని కూడా మింగేసింది.

అలా ఎందుకు కోస్తారు అని అడిగాను. ముడిరాయిని సానపెట్టేటప్పుడు సగం బరువో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువో పొడిగా పోతుంది. అమ్మేది బరువు లెక్కన. అందులోనూ 50 సెంట్లు, ఒక కారట్ లాంటి గుండు లెక్క దగ్గర రేటు ఒక్కసారిగా పెరుగుతుంది, 48 సెంట్ల రాయికీ 50 సెంట్ల రాయికీ మధ్య తేడా రెండు సెంట్ల ధర కాదు, చాలా ఎక్కువ. అందుకే కోసేవాడు అందంగా కోసి 46 దగ్గర ఆపడమా, కాస్త కడుపు వదిలేసి 50 చేయడమా అని ఆలోచిస్తాడు. బరువు వైపు మొగ్గితే నష్టపోయేది పెట్టుకునే మనిషే.

ఇక్కడి నుంచి నాకు పట్టు పెరిగింది. మా ఆయన ఇంటర్‌లో ఫిజిక్స్ చెబుతారు, ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. వజ్రం లోపలికి వెళ్లిన వెలుగు బాగా వంగుతుంది. దాని వక్రీభవన గుణకం 2.42, నీటికి 1.33 మాత్రమే. అందువల్ల లోపల వెలుగు ఒక ముఖాన్ని, అంటే సానపట్టిన పలకని, దాని మీద నిటారుగా గీసిన గీత నుంచి 24 డిగ్రీల కన్నా కాస్త ఎక్కువ ఏటవాలుగా తాకితే చాలు, బయటికి పోకుండా అద్దంలో పడ్డట్టు మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. కింది ముఖాల వాలు సరిగ్గా ఉంటే వెలుగు ఒక పక్క తగిలి, ఎదుటి పక్క తగిలి, మళ్లీ పైనుంచి మన కంట్లోకి వస్తుంది. వాలు మరీ ఎక్కువైతే రెండో పక్కన తప్పించుకుపోయి రాయి మధ్యలో నల్లగా కనిపిస్తుంది, నా ఉంగరం సంగతి ఇదే. వాలు మరీ తక్కువైతే మధ్యలో చేపకన్నులా తెల్లటి వలయం కనిపిస్తుంది. ఈ కొలతల్ని 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన లెక్కగట్టి పుస్తకంగా వేశారు. పై భాగం వాలు 34.5 డిగ్రీలు, కింది భాగం 40.75, పైన బల్లపరుపుగా ఉండే టేబుల్ 53 శాతం. నూరేళ్లు దాటింది, ఇప్పటికీ రౌండ్ రాయి మంచిదా కాదా అంటే అందరూ ఈ అంకెల చుట్టూనే తిరుగుతారు. ఇన్ని డిగ్రీల్లో ఒకటి రెండు అటూ ఇటూ అయితే రాయి బతుకే మారిపోతుందంటే నాకు ఇంకా ఆశ్చర్యంగానే ఉంటుంది.

మా ఆయన ఇంకో సంగతి చెప్పారు, అది విన్నాక నాకు ఇంక ఎవరి మాటా అక్కర్లేకపోయింది. కోహినూర్. మన కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకుంటాం కదా. దాన్ని 1851లో లండన్‌లో పెద్ద ప్రదర్శనలో పెడితే జనం విరగబడి వచ్చి చూసి, ఇదేనా, గాజులా ఉందే అని నిరుత్సాహపడ్డారట. అప్పుడది మన దేశపు పాత పద్ధతిలో, బరువు పోకుండా కోసిన రాయి, ఇప్పటి కొలతలో 191 కారట్లు. మరుసటి సంవత్సరం, 1852లో, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లని రప్పించి మళ్లీ కోయించారు. 105.6 కారట్లకి దిగింది. కోహినూర్ లాంటి రాయిలోనే మెరుపు కోసం అన్ని కారట్లు వదులుకున్నారు. బరువు పోగొట్టారని బాధపడ్డవాళ్లూ ఉన్నారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, పాత కోతలో మన చరిత్ర ఉంది. కానీ మెరుపు అనేది ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంక మా అమ్మ సంగతి. అమ్మకి ఎనభై దగ్గర పడుతోంది. కట్ గురించి నేనెంత చెప్పినా వినదు, ఆమె భయమంతా చుక్క గురించే. "ఏటే, చుక్కున్న రాయి పిల్లకి పెడతావా? పెళ్లికూతురే అది! మచ్చలేని రాయి దొరకదేటి ఊళ్లో?" అంటుంది. ఇది ఊరికే మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. పాత రత్నశాస్త్రాల్లోనే వజ్రానికి దోషాలు చెప్పారు, బిందువు, రేఖ, కాకిపాదం అని. కాకిపాదం ఉన్న రాయి ఇంట్లో ఉండకూడదని మా అమ్మమ్మ కూడా అనేది. కొత్త రాయిని మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని పడుకుని, అచ్చివస్తేనే ఉంచుకోవడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

అందుకే క్లారిటీని నేను వదిలేయమనట్లేదు. ఎంతవరకు అన్నదే ప్రశ్న. ఈ గ్రేడ్లు వేసేది పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దంలో. లోపల మచ్చే లేని ఎఫ్ఎల్, ఐఎఫ్, తర్వాత వివిఎస్ రెండు మెట్లు, విఎస్ రెండు మెట్లు, ఎస్ఐ రెండు మెట్లు, ఆ కింద ఐ గ్రేడ్లు. వివిఎస్ అంటే అలవాటైన నిపుణుడికి కూడా ఆ అద్దంలో చూస్తే కష్టపడితేగాని కనపడని చుక్క. విఎస్ అంటే అద్దంలో కనిపిస్తుంది, మామూలు కంటికి కనపడదు. 30 సెంట్ల రాయిలో విఎస్2కీ వివిఎస్1కీ తేడా చెవికి పెట్టుకున్నాక ఎవరూ చెప్పలేరు, నేను చెప్పలేకపోయాను, మా అమ్మాయి ఇరవై నాలుగేళ్ల కళ్లూ చెప్పలేకపోయాయి. ఎస్ఐకి వచ్చేసరికి మాత్రం ప్రతి రాయినీ విడిగా చూడాలి. చుక్క అంచున ఉందా, సరిగ్గా టేబుల్ కింద మధ్యలో ఉందా, తెల్లదా, నల్లదా. కొన్నిట్లో చుక్క కనపడదు కానీ రాయంతా పాలు కలిపిన నీళ్లలా మసగ్గా ఉంటుంది, అలాంటిది ఎంత చవకైనా వద్దు, ఎందుకంటే ఆ మసక కట్ ఇచ్చిన మెరుపుని కూడా చంపేస్తుంది. బరంపురంలో ఒక షాపులో అలాంటి జత చూశాం. కాగితం మీద అంకెలన్నీ బాగున్నాయి, రాయిలో ప్రాణం లేదు.

రంగు గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే అయినా చెప్పాల్సింది తక్కువే. డి నుంచి జెడ్ దాకా అక్షరాలు, డి అంటే అసలు రంగు లేనిది, కిందికి వెళ్లేకొద్దీ పసుపు ఛాయ. ల్యాబ్‌లో రంగు చూసేటప్పుడు రాయిని బోర్లించి, పక్కన నమూనా రాళ్లు పెట్టి చూస్తారు. ఎందుకు బోర్లిస్తారంటే, పైనుంచి చూస్తే మెరుపు రంగుని కప్పేస్తుంది కాబట్టి. ఈ ఒక్క ముక్క చాలు నాకు. మనం చెవికో వేలికో బోర్లించి పెట్టుకోం కదా! బాగా కోసిన రాయిలో మెరుపే రంగుని కాస్త దాచిపెడుతుంది, అంటే కట్ మీద పెట్టిన డబ్బు రంగు విషయంలో కూడా మనకి పనిచేస్తుంది. అదే నా ఉంగరంలాంటి రాయిలో ఇ కలర్ ఉన్నా, ఆ తెల్లదనం చూపించడానికి వెలుగే బయటికి రాదు. పసుపు బంగారంలో బిగించేటట్టయితే హెచ్, ఐ, చిన్న రాళ్లకి జె కూడా బాగానే ఉంటాయి, చుట్టూ ఉన్న బంగారం ఛాయ ఎలాగూ రాయిలో పడుతుంది. తెల్ల బంగారమో ప్లాటినమో అయితే జి, హెచ్ దగ్గర ఉండండి. పెద్ద రాయికి ఇంకాస్త జాగ్రత్త, సైజు పెరిగేకొద్దీ రంగు బయటపడుతుంది.

విశాఖ ప్రయాణం. పొద్దున్న బండెక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగొచ్చు. ఇచ్ఛాపురం దాటాక బయట బోర్డులు తెలుగులోకి మారిపోతాయి, ప్రతిసారీ అది చూసి మా అమ్మాయి సంతోషపడుతుంది, నేనూను. పలాసలో జీడిపప్పు కొనడం మామూలే. షాపులో మేం అడిగింది ఒక్కటే, ఒక్కో రాయి 30 సెంట్లుండే రౌండ్ జత, బిగించకుండా విడిగా చూపించండి. ముందు ఇ కలర్ వివిఎస్1 తెచ్చారు, కట్ గుడ్. రెండోది హెచ్ కలర్ విఎస్2, కట్, పాలిష్, సిమెట్రీ మూడూ ఎక్సలెంట్. రెండు జతలూ నల్ల మఖ్మల్ ట్రేలో, నెత్తిమీద ఎల్ఈడీ దీపాలు. నిజం చెప్పాలంటే ఆ దీపాల కింద రెండూ ఒకేలా మెరిశాయి. అక్కడే కొనేస్తే మళ్లీ పదకొండేళ్ల కిందటి తప్పే.

బాబాయ్ చెప్పినట్టే చేశాం. ట్రేని కౌంటర్ నీడలోకి, దీపం నేరుగా పడని చోటికి జరిపించాం. అంతే, మొదటి జత నడుమ బూడిదరంగు గుంట కనిపించింది, అంచులు మాత్రం మెరుస్తున్నాయి. రెండో జత ఆ నీడలో కూడా తెల్లగా, అంచు దాకా నిండుగా వెలుగుతోంది. చిమటాతో పట్టుకుని కొద్దిగా ఊపితే చిన్న చిన్న ముక్కలుగా వెలుగు, చీకటి, వెలుగు, చీకటి, మధ్యలో ఎర్రగా, నీలంగా ఒక్కో నిప్పురవ్వ. తర్వాత వాళ్లనడిగి గుమ్మం దగ్గర కిటికీ వెలుగులో చూశాం, వాళ్ల మనిషి పక్కనే నిలబడ్డాడు, ఏమీ అనుకోలేదు. ఇలా అడిగితే విసుక్కునే షాపులో కొనకండి. చివరగా మా అమ్మాయిని పదడుగుల దూరంలో నిలబెట్టి రెండు జతల్లోంచీ ఒక్కో రాయి చెవి దగ్గర పెట్టించి చూశాను, ఎందుకంటే దుద్దుల్ని ఎవరూ భూతద్దం పెట్టి చూడరు, ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్లు చూస్తారు, పందిట్లో నాలుగో వరుసలో కూర్చున్నవాళ్లు చూస్తారు. హెచ్ కలర్ రాయి గెలిచింది, సందేహమే లేదు. కొలత కూడా చూశాం, 4.31 మిల్లీమీటర్లు, లోతు 61.4 శాతం, అంటే బరువంతా కనపడే చోటే ఉంది. ధర చూస్తే జత మీద 30 వేల పైచిలుకు తక్కువ. మెరిసేది చవక, మెరవనిది ప్రియం! ఆ తేడా డబ్బుతో బంగారం కాస్త మందంగా చేయించి, వెనక మర మంచిది వేయించాం.

సర్టిఫికెట్ చదివేటప్పుడు ఒక చోట జాగ్రత్త. జిఐఏ అనే అమెరికా రత్నాల ల్యాబ్ ఇచ్చే రిపోర్టులో మొత్తం కట్‌కి గ్రేడ్ ఇవ్వడం 2006లో మొదలైంది, అదీ రౌండ్ రాయికి మాత్రమే. ఓవల్, పేర్, ప్రిన్సెస్ లాంటి ఆకారాలకి పాలిష్, సిమెట్రీ అనే రెండు వరుసలే ఉంటాయి. వాటి పక్కన ఎక్సలెంట్ అని చూపించి, కట్ ఎక్సలెంటేనండీ అంటే నమ్మకండి. పాలిష్ అంటే ముఖాలు ఎంత నున్నగా ఉన్నాయో చెబుతుంది, సిమెట్రీ అంటే ఎంత పొందికగా ఉన్నాయో చెబుతుంది, వెలుగు వెనక్కి వస్తుందా లేదా అన్నది ఆ రెండూ చెప్పవు. అలాంటి ఆకారాలకి మీ కళ్లే ఆధారం. రౌండ్‌లో కూడా ఎక్సలెంట్ అనేది పెద్ద గది, అందులో టేబుల్ 52 నుంచి 62 శాతం దాకా పడుతుంది. నేనైతే లోతు 60 నుంచి 62.5 లోపు, టేబుల్ 54 నుంచి 58 లోపు, కింది కోణం 40.6 నుంచి 41 లోపు ఉన్నవే చూపించమన్నాను. ఈ అంకెలు చిన్న చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. చీటీ తియ్యగానే కౌంటర్‌లో మాట తీరు మారిపోవడం గమనించాను. రాయి నడుము మీద లేజర్‌తో రాసిన నంబరు, రిపోర్టు నంబరు ఒకటేనా అని వాళ్ల భూతద్దంలోనే చూసుకోండి. బంగారానికి 750 ముద్ర (అంటే 18 కారట్ల బంగారం), ఆరక్షరాల హెచ్‌యుఐడి, అంటే ఆ నగకి విడిగా ఇచ్చే హాల్‌మార్క్ నంబరు ఉందో లేదో చూడండి, తిరిగి ఇస్తే ఎంతకి తీసుకుంటారో బిల్లు మీదే రాయించుకోండి. ల్యాబ్‌లో పెంచిన వజ్రాలు కొనేవాళ్లకి కూడా కట్ లెక్క ఇదే, వెలుగుకి రాయి ఎక్కడ పుట్టిందో తెలియదు.

నా మాట పనిచేయని చోట్లు కూడా చెప్పాలి. ఏడురాళ్ల దుద్దులు తీసుకోండి, రెండు చెవులకీ కలిపి పద్నాలుగు రాళ్లు. అక్కడ ఒక్కో రాయి ఎంత తెల్లది అన్నదానికన్నా పద్నాలుగూ ఒకే రంగులో ఉన్నాయా అన్నది ముఖ్యం, ఒక్కటి పచ్చగా ఉంటే పువ్వంతా చెడుతుంది. అక్కడ నేను కట్‌తో సమానంగా రంగు చూస్తాను. చిన్న రాళ్లకి విడిగా సర్టిఫికెట్ ఉండదు కాబట్టి, నిండు ముఖాలు, అంటే 57 ఉన్న కోతా, లేక పదిహేడే ఉన్న తేలిక కోతా అని అడగాలి. అలాగే ఎమరాల్డ్ కట్ లాంటివి, మెట్లు మెట్లుగా కోసిన పొడుగాటి రాళ్లు, కిటికీలోంచి చూసినట్టు లోపలంతా కనిపిస్తుంది. వాటికి క్లారిటీ ఎక్కువే పెట్టాలి, విఎస్1కి తగ్గకుండా.

మా అమ్మ దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన ఏడురాళ్ల దుద్దులున్నాయి, బ్లూ జాగర్ రాళ్లని గొప్పగా చెబుతుంది. దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటైన్ గని పేరు మీద వచ్చిన మాట అది, ఎండలో కాస్త నీలంగా కొట్టే తెల్ల రాళ్లని అలా అనేవారు. ఆ దుద్దులు నిజంగా బాగుంటాయి, ఉదయం తులసికోట దగ్గర నిలబడితే ఆ నీలం కనిపిస్తుంది. వాటి కోత ఇప్పటి లెక్కల ప్రకారం ఎక్సలెంట్ కాకపోవచ్చు. వాటి విలువ వేరే, వాటిని నేను ఏ చీటీతోనూ కొలవను. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకుంటాం, అవి వెనక మూసేసి బిగించిన రాళ్లు, నీళ్లలో నానబెట్టకూడదు, లోపల వేసిన రేకు నల్లబడుతుంది. తడిగుడ్డతో పైపైన తుడుస్తాం. ఈ కొత్తవి వెనక తెరిచి ఉన్నవి కాబట్టి గోరువెచ్చని సబ్బునీళ్లలో పది నిమిషాలు వేసి, మెత్తటి బ్రష్‌తో ముఖ్యంగా వెనకవైపు తోమాలి. వజ్రానికి జిడ్డు ఇట్టే పట్టుకుంటుంది, మనకేమో తలకి కొబ్బరినూనె, ముఖానికి పసుపు. ఎంత మంచి కోతైనా వెనక నూనె పొర పేరుకుంటే వెలుగు అక్కడే ఆగిపోతుంది.

వజ్రాల మాట వస్తే మేం ఒడిశావాళ్లం కూడా కొంచెం గర్వపడొచ్చు. సంబల్‌పూర్ దగ్గర మహానదిలో ఒకప్పుడు వజ్రాలు ఏరేవారు, హీరాకుడ్ అంటేనే వజ్రాల లంక అని అర్థం. మా అమ్మాయికి ఆనకట్ట పేరుగానే తెలుసు, అర్థం చెబితే ఆశ్చర్యపోయింది. అక్కడ ఏరిన రాళ్లయినా, కృష్ణ ఒడ్డున తవ్విన రాళ్లయినా, ఇవాళ సూరత్‌లో సానపట్టే రాళ్లయినా నేలలోంచి వచ్చేటప్పుడు పటికముక్కల్లాగే ఉంటాయి. రంగు, చుక్క భూమి ఇచ్చినవి. కోత ఒక్కటే మనిషి కూర్చుని, కళ్లు పెట్టి, చేతులతో చేసేది. ఆ పనితనానికి డబ్బివ్వడం నాకు నచ్చుతుంది.

దుద్దులు తెచ్చాక మూడు రాత్రులు అమ్మ తన దిండు కిందే పెట్టుకుంది. నాలుగోరోజు పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో రాయీ తిప్పి తిప్పి చూసింది, కళ్లజోడు మీద బాబాయ్ ఇచ్చిన భూతద్దం కూడా పెట్టుకుంది. విఎస్2 అంటే చుక్క ఉందన్నమాటే, ఆ సంగతి నేను దాచలేదు, ఉందమ్మా, అంచున ఇంత, అద్దంలో తప్ప కనపడదు, నల్లది కాదు అని చెప్పాను. చాలాసేపు వెతికింది. "నాకైతే కనపళ్లేదు. పిల్ల ముఖం వెలిగిపోతోంది, పెట్టుకోమను" అంది.

ఇంక నా ఉంగరం. బాబాయ్ సూరత్‌లో తెలిసినవాళ్లని అడిగారు. మళ్లీ కోయిస్తే 50 సెంట్ల రాయి 44, 45 దగ్గరికి దిగుతుందట, కొత్త రిపోర్టు తీసుకోవాలి, దారిలో బీమా ఖర్చు, కోత కూలి. మా ఆయనకి అప్పుడు చెప్పాను, పదకొండేళ్ల తర్వాత, ఆ ఉంగరం మెరవదని. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ముందే చెప్పాల్సింది కదా, పంపుదాం, బరువు పోతే పోనీ అన్నారు. పెళ్లి అయ్యాక ఫాల్గుణంలో పంపిస్తున్నాం. వచ్చాక ఎలా ఉందో ఫొటో పెడతాను, మా ఇంటి ట్యూబ్‌లైట్ కిందే తీసి.